సూచకుడు: ఒక పదము కథ

రహస్యమును బయటపెట్టువానిని లోకము ఒక్క పేరుతో పిలువదు. తెలుగువారు ‘గుట్టు రట్టు చేసినాడు’ అందురు. ‘కొండెములు చెప్పినాడు’ అనియు అందురు. మొదటి మాటలో జరిగిన పని మాత్రమే ఉన్నది. రెండవదానిలో చెప్పినవాని మనస్సుపై తీర్పు కూడ ఉన్నది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అను సామెత విభీషణుని తలపునకు తెచ్చును. అతడు అన్నకు ద్రోహియా, ధర్మమునకు మిత్రుడా అను వాదము నేటికిని తెగలేదు. ఈ సందిగ్ధత యంతయు ‘సూచక’ అను ఒక్క సంస్కృత పదమున ఇమిడియున్నది.

సూచించువాడు సూచకుడు. నేడు మనము వాడు ‘సూచన’, ‘సూచిక’ అను మాటలలో నింద యేమియు లేదు. కాని ధాతుపాఠము ‘సూచ’ ధాతువునకు చెప్పిన యర్థము పైశున్యము, అనగా కొండెములు చెప్పుట. అమరసింహుడు సూచకునకు ‘కర్ణేజపుడు’ అను పర్యాయపదమునిచ్చి, ఆ వెంటనే పిశునుని, దుర్జనుని, ఖలుని పేర్కొన్నాడు. కర్ణేజపుడనగా చెవిలో గొణుగువాడు. ఈ పదమునకును, ఏనుగు పేరైన ‘స్తంబేరమ’ శబ్దమునకును కలిపి పాణిని ఒక ప్రత్యేక సూత్రమునే రచించినాడు. కాళిదాసు శాకుంతలమున ఆరవ అంకములో, ఉంగరముతో చిక్కిన జాలరిని పట్టి తెచ్చిన రక్షకభటులలో ఒకని పేరు సూచకుడే.

నిఘంటువు నిందించిన ఈ మనుష్యుని రాజనీతి మాత్రము ఆదరముతో పిలిచినది. కౌటిల్యుని అర్థశాస్త్రమును ఆర్. శ్యామశాస్త్రి 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున గుర్తించి 1909లో ప్రకటించెను. అందు రెండవ అధికరణము ఎనిమిదవ అధ్యాయము ఉద్యోగులు అపహరించిన రాజధనమును తిరిగి రాబట్టుటను గూర్చినది. అపహరణోపాయములు 40 అని లెక్కించి, కౌటిల్యుడు సూచకుని ప్రస్తావించినాడు. అతడు తెలిపినది రుజువైనచో ఆ ధనమున 6వ వంతు అతనికి చెందును; అతడు జీతము తీసికొను సేవకుడైనచో 12వ వంతు. రుజువు కానిచో దేహదండనయో ధనదండనయో తప్పదు. నిందితుని ప్రేరణకు లోబడి అభియోగమును విడిచిపెట్టినచో మరణదండనయే.

కాత్యాయన స్మృతి మరియొక విభాగము చేసినది. పరుల దోషములను కనిపెట్టుటకు రాజుచే నియుక్తుడై తెలుపువాడు సూచకుడు. ఎవరును కోరకయే ధనాశతో ముందుగా వచ్చి చెప్పువాడు స్తోభకుడు. పని ఒక్కటియే, పేర్లు రెండు. ఎవరి కొరకు, ఏమి ఆశించి చెప్పినాడన్నదే ఇచట విచారణీయము.

ఆధునిక కాలమున ఆంగ్ల ప్రభుత్వము 1923లో అధికార రహస్యముల చట్టము చేసి గుట్టు కాచుటకే ప్రాధాన్యమిచ్చినది. స్వతంత్ర భారతమున సత్యేంద్ర దూబే అను ఇంజనీరు జాతీయ రహదారి నిర్మాణములోని అక్రమములను పైవారికి వ్రాసి, తన పేరు గుప్తముగ నుంచుమని కోరెను. ఆయన 2003 నవంబరులో గయలో హత్యకు గురియయ్యెను. దేశమంతట ఆందోళన చెలరేగిన పిమ్మట, 2004లో కేంద్ర ప్రభుత్వము అట్టి ఫిర్యాదులను స్వీకరించి, వ్రాసినవాని పేరును కాపాడు బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించినది. 2014లో ఇందుకై ఒక చట్టము రాష్ట్రపతి ఆమోదమును పొందినది. తెలిసి తెలిసి దురుద్దేశముతో అబద్ధపు ఫిర్యాదు చేసినవానికి 2 సంవత్సరముల వరకు చెరయు, 30,000 రూపాయల వరకు జుల్మానాయు అందు విధింపబడినవి. సూచకుని కాపాడుటయు, అసత్యమునకు అతనినే దండించుటయు: కౌటిల్యుడు ఎరిగిన రెండంచుల న్యాయమే ఇది.

అట్టివానిని ఆంగ్లమున ‘విజిల్ బ్లోయర్’, అనగా ఈల ఊదువాడు, అందురు. చెవిలో గొణుగువానికిని ఈల ఊదువానికిని భేదము కంఠస్వరమున లేదు. దూబే కోరినదియు గోప్యతనే గదా! తాను చెప్పినదానిని రుజువునకు నిలుపగలవాడు సూచకుడు. రుజువు అడిగినంతనే తప్పించుకొనువాడు కర్ణేజపుడు. ఈ యిరువురిని ఒక్క గాటను కట్టు సమాజమున కొండెగాడు సుఖించును, సత్యవాది మౌనము వహించును. ఆ మౌనపు మూల్యమును చెల్లించువారు ప్రజలే.