మోటారు సైకిలు చక్రం విప్పడం, బిగించడం

టైరు మార్చడానికి, ట్యూబు పంక్చరు వేయించడానికి, హబ్బులోని బేరింగులు చూసుకోవడానికి మోటారు సైకిలు చక్రాన్ని బండి నుంచి వేరు చేయాల్సి వస్తుంది. మామూలు పానాలతో ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనే ఇది. ఇందులో రెండు దశలున్నాయి: బండి నుంచి చక్రాన్ని తీయడం, రిమ్ము నుంచి టైరును తీయడం. రెండో దశకు బలమూ, చేతివాటమూ, కొన్ని టైర్లకు యంత్రమూ కావాలి. అందుకే చాలామంది చక్రం వరకు ఇంట్లో విప్పుకుని, దాన్ని టైర్ల షాపుకు తీసుకెళ్ళి కొత్త టైరు ఎక్కించుకుని, తిరిగి తెచ్చి బిగించుకుంటారు. విప్పడం కంటే బిగించడంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

చక్రం అమరిక

కారు చక్రం నాలుగైదు నట్లు తీస్తే ఊడి చేతికొస్తుంది. పాత తరం వెస్పా, చేతక్ స్కూటర్ల చక్రాలూ అంతే. వాటి రిమ్ము రెండు పలకలుగా విడిపోతుంది, ముందు వెనుకలకు ఒకే చక్రం సరిపోతుంది. అందుకే స్కూటరు మీద అదనపు చక్రం ఉండేది. దాన్ని ‘స్టెప్నీ’ అనడం తెలుగులో ఇప్పటికీ వాడుకే. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో 1904లో అదనపు చక్రాల తయారీ మొదలైన స్టెప్నీ వీధి పేరు అలా మిగిలిపోయింది.

మోటారు సైకిలు చక్రం అలా ఊడిరాదు. హబ్బు నడిమధ్య నుంచి ఒక ఇరుసు దూరి, ముందు ఫోర్కు రెండు కాళ్ళకో, వెనుక స్వింగ్ ఆర్మ్ రెండు చేతులకో బిగిసి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని యాక్సిల్ రాడ్ అంటారు. బేరింగులు, బ్రేకు ప్లేటు, స్పీడోమీటరు గేరు, చైను స్ప్రాకెట్టు, వీటి మధ్య ఎడం నిలిపే బుష్‌లు అన్నీ ఈ ఇరుసు మీద ఒక వరుసలో కూర్చుంటాయి. ఇరుసు లాగగానే ఆ వరుస చెదురుతుంది. ఒక బుష్ ఎడమది కుడికి వెళ్ళినా చక్రం నడిమధ్యలో నిలవదు, లేదా బేరింగు పట్టేస్తుంది. విప్పే ముందు రెండు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీసుకోవడం, తీసిన భాగాలను తీసిన వరుసలోనే ఒక గుడ్డ మీద పేర్చడం ఇందుకే.

పనిముట్లు, బండిని నిలబెట్టడం

ఇరుసు నట్టుకు సరిపోయే రింగు పానాలు రెండు, చిన్న నట్లకు 10, 12, 14 మిల్లీమీటర్ల పానాలు, కట్టింగ్ ప్లేయరు, చెక్క లేదా ప్లాస్టిక్ సుత్తి, గ్రీజు, పాత గుడ్డలు, కొత్త స్ప్లిట్ పిన్నులు ఉంటే పని సాగుతుంది. బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచి ఉంటే మరీ మంచిది.

బండి సైడ్ స్టాండు మీద ఉండగా చక్రం విప్పకూడదు. చదునైన గట్టి నేల మీద సెంటర్ స్టాండు వేయాలి. సెంటర్ స్టాండు వేసిన బండికి సాధారణంగా వెనుక చక్రం గాలిలో ఉంటుంది, ముందు చక్రం నేలను తాకుతుంది. ముందు చక్రం తీయాలంటే ఇంజను అడుగున చెక్క దిమ్మె గానీ జాకీ గానీ పెట్టి బండిని నిలపాలి. ఆ బరువు సైలెన్సరు గొట్టం మీదో, ఆయిల్ తీసే బోల్టు మీదో పడకూడదు. సెంటర్ స్టాండు లేని బండ్లకు, స్వింగ్ ఆర్మ్‌ను ఎత్తిపట్టే ప్యాడక్ స్టాండు వాడతారు. చక్రం ఇంకా నేల మీద ఉండగానే ఇరుసు నట్టును అర చుట్టు వదులు చేసి పెట్టుకోవాలి. బండి ఎత్తిన తరువాత గట్టి నట్టుతో పెనుగులాడితే బండి స్టాండు మీది నుంచి ఒరిగే ప్రమాదముంది.

ముందు చక్రం

డ్రమ్ బ్రేకు బండికి మొదట బ్రేకు కేబులును, తరువాత స్పీడోమీటరు కేబులును బ్రేకు ప్లేటు నుంచి విడదీయాలి. ఇరుసు తలను ఒక పానాతో కదలకుండా పట్టుకుని, రెండో వైపు నట్టును విప్పాలి. కొన్ని బండ్లలో ఫోర్కు కాలు అడుగున ఇరుసును నొక్కిపట్టే పించ్ బోల్టు ఉంటుంది. దాన్ని ముందే వదులు చేయకపోతే ఇరుసు రాదు. చక్రాన్ని ఒక చేత్తో కాస్త ఎత్తిపడితే ఇరుసు మీద బరువు తగ్గి, మెల్లగా తడితే బయటికి జారుతుంది. సుత్తితో నేరుగా మర మీద కొడితే మర చెడిపోతుంది. మధ్యలో చెక్క ముక్క అడ్డుపెట్టాలి.

డిస్క్ బ్రేకు బండ్లలో చాలా వాటికి చక్రం కిందికి దిగుతుంటే డిస్కు ప్లేటు కాలిపర్ నుంచి దానంతటదే జారి వస్తుంది. కొన్నిటికి కాలిపర్‌ను రెండు బోల్టులు తీసి పక్కకు జరపాలి. అప్పుడు దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టాలి. చక్రం బయట ఉన్నంత సేపూ బ్రేకు లీవరు నొక్కకూడదు. నొక్కితే పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు దగ్గరవుతాయి, డిస్కు మళ్ళీ దూరదు. రెండు ప్యాడ్ల మధ్య మందమైన అట్టముక్క పెడితే ఈ పొరపాటు జరగదు. తీసిన చక్రాన్ని డిస్కు వైపు నేల మీద పడుకోబెట్టకూడదు, డిస్కుకు గ్రీజు తగలనివ్వకూడదు.

భారతదేశంలో 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి చేసిన నిబంధన కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ నుంచి, అన్ని బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి అమలైంది. ఈ బండ్లలో హబ్బు పక్కన చిల్లుల పళ్ళెం, దాని ఎదురుగా వైరుతో ఒక సెన్సరు ఉంటాయి. చక్రం తీసేటప్పుడు ఆ వైరు సాగకుండా, సెన్సరుకు దెబ్బ తగలకుండా చూడాలి.

వెనుక చక్రం

డ్రమ్ బ్రేకు బండిలో మొదటి పని బ్రేకు రాడ్డు చివరి సర్దుబాటు నట్టును విప్పి, రాడ్డును బ్రేకు లీవరు నుంచి బయటికి లాగడం. స్ప్రింగు, చిన్న గుండు పిన్ను వెంటనే రాడ్డుకే తొడిగి నట్టు పెట్టేస్తే పోవు. తరువాత బ్రేకు ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు కలిపే టార్క్ ఆర్మ్ నట్టు విప్పాలి. దానికి స్ప్లిట్ పిన్ను ఉంటే ముందు దాని కాళ్ళు నిటారు చేసి లాగేయాలి.

ఇక్కడి నుంచి పని బండి రకాన్ని బట్టి రెండు దారులవుతుంది. 100–150 సీసీ బండ్లలో చాలా వాటికి స్ప్రాకెట్టు హబ్బుకు నేరుగా బిగించి ఉండదు. అది స్వింగ్ ఆర్మ్ మీద ఒక స్లీవ్ నట్టుతో విడిగా నిలుస్తుంది. దాని వీపున ఉన్న పళ్ళు హబ్బులోని రబ్బరు దిమ్మెల మధ్య దూరి చక్రాన్ని తిప్పుతాయి. చైను కుదుపును మింగేవి ఈ రబ్బర్లే. ఇలాంటి బండికి ఇరుసు నట్టు తీసి, ఇరుసు లాగి, బ్రేకు వైపు బుష్ తీసేస్తే చాలు. చక్రాన్ని స్ప్రాకెట్టు నుంచి పక్కకు లాగితే రబ్బర్ల నుంచి విడిపోతుంది. చైను, స్ప్రాకెట్టు, స్లీవ్ నట్టు ఉన్నచోటే ఉంటాయి. చక్రం తీసిన ఆ నిమిషంలో రబ్బర్లను వేలితో నొక్కి చూడవచ్చు. పగిలినా, వాటి మధ్య పళ్ళు లొడలొడలాడినా మార్చాలి.

స్ప్రాకెట్టు హబ్బుకే బిగించి ఉన్న బండిలో చైను సర్దుబాటు స్క్రూలను రెండు వైపులా సమానంగా వదులు చేసి, చక్రాన్ని ముందుకు నెట్టి, వదులైన చైనును స్ప్రాకెట్టు మీది నుంచి పక్కకు దించుతారు. చైను లాక్ విప్పాల్సి వస్తే, తిరిగి వేసేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న కొన చైను కదిలే దిక్కుకు ఉండాలి. వెనక్కు ఉంటే దేనికైనా తగిలి క్లిప్పు ఊడిపోవచ్చు.

చక్రం బయటికి వచ్చాక బేరింగును వేలితో తిప్పి చూడాలి. గరగరమన్నా, పట్టినట్టున్నా కొత్తది వేయించాలి. డ్రమ్ములోని బ్రేకు ధూళిని నోటితోనో గాలి పంపుతోనో ఊదకూడదు, తడి గుడ్డతో తుడవాలి. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు.

రిమ్ము నుంచి టైరు

టైరు అంచులో ఉక్కు తీగలతో చేసిన గట్టి కట్టు ఉంటుంది. దీన్ని బీడ్ అంటారు. తీగ సాగదు కనుక బలంతో లాగితే టైరు రాదు. రిమ్ము మధ్యలో ఉన్న లోతైన గాడి ఇందుకు పనికొస్తుంది. గాలి పూర్తిగా తీసి, ఒక వైపు బీడ్‌ను ఆ గాడిలోకి నొక్కితే, ఎదుటి వైపున రిమ్ము దాటేంత వదులు దొరుకుతుంది. అక్కడ సబ్బు నీళ్ళు రాసి టైరు లీవర్లతో కొద్దికొద్దిగా పైకి తీస్తారు.

ఊచల రిమ్ముకు ఊచల చివరి నిపుల్స్ దగ్గర గాలి పోతుంది కనుక సాధారణంగా ట్యూబు ఉంటుంది. దాన్ని నిపుల్స్ గుచ్చుకోకుండా మధ్యలో రబ్బరు పట్టీ కాపాడుతుంది. కొత్త ట్యూబులో ఆకారం వచ్చేంత గాలి పట్టించి పెడితే లీవరు కింద నలగదు. అల్లాయ్ రిమ్ముల ట్యూబ్‌లెస్ టైరుకు బీడ్ రిమ్ము అంచున చిన్న గట్టు దాటి బిగిసి కూర్చుంటుంది. దాన్ని విడదీయడానికీ, తిరిగి కూర్చోబెట్టేంత గాలి ఒక్కసారిగా పట్టించడానికీ షాపులోని యంత్రం, కంప్రెసరు మేలు. కొత్త టైరుతో పాటు వాల్వు కూడా మార్చడం మంచిది.

టైరు గోడ మీది గుర్తులు కొనేటప్పుడూ ఎక్కించేటప్పుడూ చూడాల్సినవి. 100/90-17 అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. 55P అని ఉంటే ఆ టైరు 218 కిలోల బరువు, గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుంది. నాలుగంకెల సంఖ్య తయారీ కాలం చెబుతుంది: 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. బాణం గుర్తు ఉంటే అది చక్రం ముందుకు తిరిగే దిక్కుకు ఉండాలి. చక్రాన్ని షాపుకు విడిగా తీసుకెళ్ళినప్పుడు ఏది కుడి వైపో చాక్‌పీసుతో రాసిపెట్టకపోతే ఈ బాణం తలకిందులయ్యే అవకాశముంది.

తిరిగి బిగించడం

ఇరుసును తుడిచి, తుప్పు గీకి, పలుచగా గ్రీజు రాయాలి. ముందు చక్రంలో స్పీడోమీటరు గేరు చెవులు హబ్బులోని గాళ్ళలో కూర్చున్నాయో లేదో చేత్తో తిప్పి చూడాలి. కూర్చోకుండా నట్టు బిగిస్తే అవి నలిగిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు ప్లేటు పట్టు. ముందు ప్లేటులోని గాడిలో ఫోర్కు కాలి మీది పిడి కూర్చోవాలి, వెనుక ప్లేటుకు టార్క్ ఆర్మ్ తగిలించి ఉండాలి. బ్రేకు వేసినప్పుడు ప్లేటు కూడా చక్రంతో తిరగకుండా ఆపేవి ఇవే. ఈ పట్టు లేకుండా బ్రేకు నొక్కితే ప్లేటు గిర్రున తిరిగి, రాడ్డునో కేబులునో చుట్టుకుని చక్రం అక్కడికక్కడే బిగిసిపోతుంది.

చైను సర్దుబాటుకు స్వింగ్ ఆర్మ్ రెండు వైపులా గీతలుంటాయి. కుడి ఎడమలు ఒకే గీత దగ్గర ఉండాలి. కింది వైపు చైను మధ్యలో పైకి కిందికి ఆడించినప్పుడు చిన్న బండ్లకు సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉంచుతారు. డ్రమ్ బ్రేకు బండికి చివరి బిగింపు వేసేటప్పుడు బ్రేకును నొక్కిపట్టి ఉంచితే బ్రేకు షూలు డ్రమ్ము నడిమధ్యకు సర్దుకుంటాయి. ముందు ఫోర్కును నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, ఆ తరువాతే పించ్ బోల్టు బిగించాలి.

ఇరుసు నట్టు బిగువు ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది. ఉదాహరణకు 60 న్యూటన్ మీటర్లు అంటే, 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 20 కిలోల బరువు వేలాడినంత. పానాకు గొట్టం తొడిగి ఒంటి బరువంతా వేస్తే దీనికి ఎన్నో రెట్లై మర తెగవచ్చు. స్ప్లిట్ పిన్ను ఒకసారి తీస్తే మళ్ళీ వాడరు, ప్రతిసారీ కొత్తదే వేస్తారు.

పని తరువాత పరీక్ష

చక్రాన్ని చేత్తో తిప్పితే అటూ ఇటూ ఊగకుండా, రాపిడి లేకుండా తిరగాలి. రెండు చేతులతో రెండు వైపులా పట్టుకుని ఆడిస్తే లొడలొడ ఉండకూడదు. డిస్క్ బ్రేకు లీవరును గట్టిపడే వరకు పదే పదే నొక్కాలి. ప్యాడ్లు వెనక్కు జరిగి ఉంటే మొదటి నొక్కుకు బ్రేకు పడదు. టైరు గాలిని చైను కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో ఉన్న స్టిక్కరు ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కనుక మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో ఎక్కువ వంగకుండా, బ్రేకు ఒక్కసారిగా వేయకుండా నడపాలి. మర్నాడు ఇరుసు నట్టు, టార్క్ ఆర్మ్ నట్టు, చైను ఆట మరోసారి సరిచూడాలి.