పొగ మండించే పొయ్యి

"గ్యాసుండగా మళ్లీ కర్రల పొయ్యేటి మరిదీ?" అని టెక్కలి నుంచి మా వదిన ఫోన్లో ఒకటే నవ్వు. దీపం పథకంలో గ్యాసు బండ వచ్చేదాకా కొబ్బరి మట్టలూ సరుగుడు కర్రలూ పెట్టి కళ్లు మండించుకున్న మనిషి, నవ్వదా మరి! నేనుండే ఇంగ్లండులో ఇప్పుడు కాస్త డబ్బున్నవాళ్లే ముచ్చటపడి కర్రల పొయ్యి కొంటున్నారు. దుకాణంలో అడిగే ప్రతి ప్రశ్న వెనకా ఈ దేశం పొగతో పడ్డ పాట్లున్నాయి.

1662లో రెండో చార్లెస్ రాజు పొయ్యిల మీదే పన్ను వేశాడు, ఒక్కోదానికి ఏడాదికి రెండు షిల్లింగులు. లెక్క రాసేవాళ్లు ఇళ్లలోకొచ్చి చూస్తుంటే జనం పొయ్యిల్ని ఇటుకలతో మూసేసేవారు. 1689లో ఆ పన్ను పోయింది. అప్పటికే లండన్ న్యూకాజిల్ నుంచి ఓడల్లో వచ్చే బొగ్గుకి అలవాటుపడింది. ఆ బొగ్గే 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా ఊరి గొంతు నొక్కింది. గాలి కదల్లేదు, చలికి ఇంటింటా బొగ్గు మండింది, పొగా మంచూ కలిసి గడ్డకట్టుకుపోయాయి. శాడ్లర్స్ వెల్స్ నాటకశాలలో వేదిక కనబడక ఒపేరా మధ్యలోనే ఆపేశారు. చనిపోయినవారు 4,000 అని మొదటి లెక్క, 12,000 దాకా ఉంటారని తర్వాతి పరిశోధకుల మాట. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. ఊళ్లలో పొగ నియంత్రణ ప్రాంతాలు గీశారు, పొయ్యి మార్చుకోడానికి డబ్బు సాయం కూడా చేశారు.

మనవాళ్లకి ఆలోచన లేకపోలేదు. 1953లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్‌కి చెందిన ఎస్.పి. రాజు గారు పొగలేని వంటిళ్ల మీద పుస్తకం అచ్చువేశారు. మట్టి పొయ్యి, దానికో పొగగొట్టం, అంతే. కానీ లండన్ పొగ వీధిన పడి పార్లమెంటు దాకా వెళ్లింది. మన పొగ వంటింట్లో ఆడవాళ్ల కళ్లలోనే ఉండిపోయింది.

ఇక పొయ్యి. దుకాణంవాడు పెద్దది అంటగట్టాలని చూస్తాడు, లొంగొద్దు. గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి 14తో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు కావాలో సుమారుగా తేలుతుంది. 5×4×2.4 గదికి మూడున్నర చాలు. అయిదు దాటితే గోడకి గాలి కంత పెట్టించాలి. పెద్దది కొంటే ఉక్క భరించలేక గాలి మూసేస్తాం. అప్పుడు కర్ర మండదు, కుములుతుంది. అద్దం నల్లబడుతుంది, గొట్టం లోపల తారు పేరుకుంటుంది, ఓరోజు ఆ తారే అంటుకుంటుంది.

మంచి పొయ్యిలో కిటుకు పైభాగాన ఉంది. లోపలి గోడలో వరసగా ఉన్న చిన్న రంధ్రాల్లోంచి వేడెక్కిన గాలి వచ్చి పైకి లేచే పొగనే మండిస్తుంది. అద్దంలోంచి చూస్తే కర్రకి జానెడు పైన, దేన్నీ అంటుకోకుండా, మంట ఆడుతుంటుంది. 2022 నుంచి కొత్త పొయ్యిలన్నీ పొగ తక్కువగా ఉండాలనే ఎకోడిజైన్ ప్రమాణాన్ని అందుకోవాలి. పొగ నియంత్రణ ప్రాంతమైతే అక్కడ వాడొచ్చని అనుమతి ఉన్న మోడలేనా అని విడిగా అడగాలి. ఇంతా చేసి, గ్యాసుతో పోలిస్తే సన్నటి మసి ఎన్నో రెట్లు ఎక్కువే. చలికాలంలో ఇదొక్కటే దిక్కు కానివాళ్లకి ఇది విలాసమేనని నా అభిప్రాయం.

కర్రలో తేమ 20 శాతం మించకూడదు. 2021 మే నుంచి చిన్న మోపుల్లో పచ్చికర్ర అమ్మడం నేరం. తేమ మీటరు పైన గుచ్చితే అబద్ధం చెబుతుంది, కర్ర చీల్చి లోపలి ముఖాన గుచ్చాలి. మా వైపు ఉద్దానంలో మీటరెందుకు, రెండు కర్రలు కొడితే ఖంగుమనాలి.

ఏడాదికోసారైనా గొట్టం ఊడ్పించాలి. ఒకప్పుడు ఆ పనికి చిన్నపిల్లల్ని చిమ్నీల్లోకి ఎక్కించేవారు. 1875లో జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లవాడు ఫుల్‌బోర్న్ ఆసుపత్రి చిమ్నీలో ఇరుక్కుని చనిపోయాడు. ఆ ఏడాదే వచ్చిన చట్టంతో ఆ దురాచారానికి తెరపడింది. ఇప్పుడు వచ్చే ఆయన కడ్డీల బ్రష్షుతో పని కానిచ్చి, బీమా కంపెనీ అడిగితే చూపించమని సర్టిఫికెట్ రాసిచ్చి వెళ్తాడు.