హంతకుణ్ణి కనిపెట్టే ఆట

హంతకుణ్ణి కనిపెట్టే ఆట: పదిమంది ఒకచోట చేరి, తమలోనే దాగి ఉన్న ఉత్తుత్తి హంతకుడు ఎవరో ఆరా తీసి, వాదులాడి, పట్టుకునే బృంద క్రీడ. దీన్ని నడిపించే పెద్ద ఒకరుంటారు. పాత్రలు పంచడం, ఆధారాలను ఒక్కొక్కటిగా బయటపెట్టడం, చివర్లో గుట్టు విప్పడం ఆ మనిషి పని. ఇంగ్లండ్, అమెరికాల్లో విందు వినోదంగా మొదలై వ్యాపారమైంది. తెలుగు పల్లెల్లో మాత్రం హత్య అనే మాట లేకుండానే ఈ ఆట చాలాకాలంగా నడుస్తోంది.

మన పిల్లల ఆటల్లో దీనికి అందరికంటే దగ్గరి చుట్టం వీరి వీరి గుమ్మడిపండు. పెద్ద ఒకరు ఒక పిల్లవాడి కళ్లు మూస్తారు. మిగతావాళ్లలో ఒకరు చప్పుడు చేయకుండా వచ్చి, తట్టి, మళ్లీ గుంపులో కలిసిపోతారు. కళ్లు తెరిచినవాడు ఆ మనిషి ఎవరో చెప్పాలి. ఊరిని బట్టి పద్ధతి కొంత మారుతుంది. అయినా కళ్లు మూయడం, చాటుగా పని జరగడం, తర్వాత అందరి ముఖాలూ పరీక్షగా చూడడం చాలాచోట్ల ఉంటాయి. ఇప్పటి కుర్రకారు రాత్రిళ్లు ఆడే మాఫియా ఆటలోనూ ఇవే మూడు మెట్లు. ఈ పోలికను ఆటల చరిత్రకారులు ఇంకాస్త పట్టించుకోవాల్సింది.

రెండో చుట్టం చీటీల ఆట. కొండగట్టు చుట్టుపక్కల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలతో పాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎండాకాలం సెలవుల్లో ఇంటి అరుగుల మీద ఆడేది ఇదే. ఉత్తరాదిన రాజా, మంత్రి, చోర్, సిపాయి అంటారు. మన దగ్గర రాజు, రాణి, దొంగ, పోలీసు అయింది. నోటుబుక్కు కాగితం చింపి, పేర్లు రాసి, మడిచి విసురుతారు. పోలీసు చీటీ వచ్చినవాడు బయటపడి దొంగను చూపించాలి. తప్పితే వాడి మార్కులు దొంగకు పోతాయి. దీనికే మరో రూపం రాముడు-సీత. చీటీల్లో లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, హనుమంతుడు కూడా ఉంటారు. రాముడు సీతను కనిపెట్టాలి. మార్కులు ఇంటికో తీరు. రామాయణంలో సీత జాడ తెచ్చింది హనుమంతుడైతే, ఆటలో ఆయన ఊరికే మార్కులు రాయించుకుని కూర్చుంటాడు. మల్యాల మండలం ముత్యంపేట దగ్గర, కొండగట్టు మీద ఆంజనేయస్వామి కొలువున్న ప్రాంతంలోనూ పిల్లలు ఈ అన్యాయాన్ని సరిదిద్దినట్టు లేదు.

రెండింటిలోనూ చావు లేదు. పండుగపూట ఇంట్లో చావు మాట ఎత్తడం పెద్దలకు గిట్టదు. హంతకుడి చోట దొంగ నిలవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

హత్య చుట్టూ ఆట అల్లింది ఇంగ్లండ్‌వాళ్లు. రెండు ప్రపంచయుద్ధాల నడుమ అక్కడి పెద్దింటి విందుల్లో ‘మర్డర్’ ఆట వాడుకలో ఉండేది. హంతకుడెవరో చీటీయో పేకముక్కో తేలుస్తుంది. దీపాలు ఆర్పుతారు. చీకట్లో ఒకరిని తట్టగానే ఆ మనిషి ‘చస్తాడు’. డిటెక్టివ్ అడిగే ప్రశ్నలకు హంతకుడు తప్ప అందరూ నిజమే చెప్పాలి. న్యూజిలాండ్ రచయిత్రి నయో మార్ష్ 1934లో వచ్చిన తన మొదటి నవలలో ఈ ఆట మధ్యలోనే నిజమైన హత్య జరిపించింది. 1950లో అగథా క్రిస్టీ కూడా తన నవలలో ఆటనుకుని వచ్చిన అతిథుల ముందు తుపాకి పేల్పించింది.

ఈ విందుల నుంచే క్లూడో బల్ల ఆట పుట్టింది. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంథొనీ ప్రాట్ హోటళ్లలో పియానో వాయించేవాడు. అక్కడ అతిథులు ఆడుతుండగా చూసిన హత్య ఆటలను యుద్ధకాలంలో అట్టమీదికి దించాడు. గదుల పటం గీసింది ఆయన భార్య. 1944లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. యుద్ధానంతర కొరతల వల్ల వాడింగ్టన్స్ కంపెనీ దాన్ని 1949 దాకా మార్కెట్లోకి తేలేకపోయింది. ప్రపంచమంతా ఆడిన ఆట మీద విదేశీ హక్కులను ప్రాట్ 1953లో 5,000 పౌండ్లకు అమ్ముకున్నాడు. తెలివైన బేరం కాదు. 1985లో అమెరికాలో ‘హౌ టు హోస్ట్ ఎ మర్డర్’ పెట్టెలు వచ్చాయి. ఎనిమిది మందికి ఎనిమిది పాత్రలు, ఎవరి రహస్యం వారి పుస్తకంలో. ఇంటి విందుకు కావాల్సిన సరంజామా అంతా దుకాణంలో దొరకడం మొదలైంది.

అదే కాలంలో తెలుగువాళ్లకు హంతకుణ్ణి కనిపెట్టే సరదా పుస్తకంలో దొరికేది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఊరూరా తిరిగారు. తెరమీద 1967లో ‘అవే కళ్ళు’, 1985లో వంశీ ‘అన్వేషణ’ ప్రేక్షకులతో హంతకుడెవరో పందేలు కట్టించాయి. ఇంటర్వెల్‌లో టీ కొట్టు దగ్గర జరిగే వాదనలు ఈ ఆట కిందికే వస్తాయి, నడిపించే పెద్ద మాత్రం ఉండడు.

ఇప్పటి రూపం మాస్కోది. 1986-87 ప్రాంతంలో మాస్కో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి దిమిత్రీ డవిడోవ్ మాఫియా ఆటను కట్టాడు. నిజం తెలిసిన కొద్దిమంది, నిజం తెలియని ఎక్కువమందిని ఎంత దూరం మోసగించగలరన్నది అందులోని మెలిక. బల్ల అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ మాఫియావాళ్ల స్థానంలో తోడేలు మనుషులను పెట్టాడు. 2018లో వచ్చిన ‘అమాంగ్ అస్’ ఫోన్ ఆట 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఇదే కిటుకుతో ఊపేసింది. చైనాలో కథ చదువుతూ పాత్రలు వేసే హత్యారహస్య ఆటలకు వేలాది దుకాణాలే వెలిశాయి. తెలుగువాళ్లలో మాఫియా ఇంజనీరింగ్ హాస్టళ్లు, ఆఫీసు విహారయాత్రలు, బస్సు ప్రయాణాల దారిన వ్యాపించింది. పోలీసు, డాక్టరు, పౌరులు అన్న పాత్రల పేర్లు చెబితే చాలు, నియమాలు ఎవరూ కాగితం మీద వెతుక్కోరు.

దావత్‌లో దీన్ని నడపాలంటే అనుభవజ్ఞులు పాటించే కట్టుబాట్లు కొన్నున్నాయి. నడిపే మనిషి ఆటలో దిగకూడదు. ముందుగా చనిపోయినవాళ్లు మూతి ముడుచుకుని కూర్చోకుండా వారికి సాక్షి పాత్రో, చీటీలు లెక్కించే పనో ఇవ్వాలి. ఆ ఊళ్లోనో, ఆ ఇంట్లోనో నిజంగా జరిగిన మరణాన్ని కథగా వాడుకోకూడదు. కొత్త అల్లుణ్ణి మొదటి రౌండులోనే హంతకుడని వేలెత్తి చూపే అవకాశం మరదళ్లు వదులుకోరు కాబట్టి, నిజమైన అలకలు ఆటలోకి రాకుండా చూసుకోవడం కూడా పెద్ద పనే. ఏడుగురికి తగ్గితే మాఫియా పండదు. నలుగురే ఉంటే కాగితం చింపి దొంగ-పోలీసు ఆడుకోవడం మేలు.