ఇంటి బట్టీ – ఆబ్కారీ చట్టం: ఆర్మూరు నేపథ్యం
పసుపు పండే ఆర్మూరు పరిసరాల్లో కొమ్ములు ఉడికించే కడాయికి ఆబ్కారీ అనుమతి అక్కరలేదు. విద్యుత్ హీటరు అమర్చిన పాత్రలో బార్లీ మాల్టును సుమారు 65 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు నానబెట్టి, వడకట్టిన రసాన్ని హాప్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టుతో పులియబెడితే బీరవుతుంది; లైసెన్సు లేకుంటే అది నేరమూ అవుతుంది. ఈ నిషేధాన్ని కేవలం మద్యపాన వ్యతిరేకతగా చూడటం సరికాదు. దాని మూలం రాజ్య ఆదాయంలో ఉంది. నిజాం రాజ్యంలో కల్లుపై చెట్ల పన్ను ఉండేది. కల్లు నిప్పుతో పనిలేకుండా చెట్టుకు కట్టిన కుండలోనే పులుస్తుంది. ఆరుబయటి ఈతచెట్టును అధికారి లెక్కించగలడు, ఇంటిలోపలి బట్టీని లెక్కించలేడు. ఫసలీ 1316 (క్రీ.శ. 1906-07) నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం స్థానంలో వచ్చిన 1968 నాటి ఎక్సైజ్ చట్టం, అనుమతి లేని తయారీతో పాటు అందుకు పాత్రలు, పరికరాలు దగ్గర ఉంచుకోవడాన్నీ నిషేధించింది. తెలంగాణలో నేటికీ ఆ చట్టమే కొనసాగుతోంది.