కేసరి పప్పు

కేసరి పప్పు (శాస్త్రీయ నామం: లాథిరస్ సటైవస్) చిక్కుడు కుటుంబానికి, అనగా ఫాబేసీకి చెందిన ఒక అపరాల పంట. దీనిని హిందీలో ఖేసారి అనియు, ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో తివరా అనియు, మరాఠీలో లాఖ్ అనియు అంటారు. మాంసకృత్తులు సమృద్ధిగా గల ఈ పప్పును నెలల తరబడి ప్రధానాహారంగా తిన్నవారికి కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉన్నది. ఒకే ఆహారంలోని మేలునూ కీడునూ కలిపి ఎలా తూచవలెనో తెలుసుకొనుటకు ఇది చక్కని ఉదాహరణ.

పంట, పోషక విలువలు

ఈ పైరు వర్షాభావాన్నీ, నీటి ముంపునూ కూడ తట్టుకొనగలదు. కోస్తా ఆంధ్రలో వరి కోతకు ముందు చేలో మినుము చల్లినట్లే, ఛత్తీస్‌గఢ్‌లో కేసరి విత్తనాలు చల్లుతారు. వరి కోసిన తరువాత నేలలో మిగిలిన తేమతోనే పైరు పెరుగుతుంది. గింజలలో సుమారు నాలుగవ వంతు మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ ఇందులో ఎక్కువ. మొక్క పశువుల మేతగా ఉపయోగపడుతుంది. నేలకు నత్రజనిని చేకూరుస్తుంది.

విష పదార్థం, వ్యాధి

గింజలలో ఓడాప్ అనే అమైనో ఆమ్లం ఉన్నది. ఇది నాడీకణాలకు హాని చేస్తుంది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎస్.ఎల్.ఎన్.రావు, పి.ఆర్.అడిగ, పి.ఎస్.శర్మలు దీనిని వేరుచేసిన వివరాలను 1964లో ప్రకటించారు. దీనివలన కలిగే వ్యాధిని లాథిరిజం అంటారు. మొదట కాళ్ళు బరువెక్కి బిగుసుకుపోతాయి. తరువాత నడకకు కర్ర అవసరమవుతుంది. వ్యాధి ముదిరినవారు నేలపై ప్రాకవలసి వస్తుంది. సాధారణంగా బుద్ధికి లోపం రాదు, ప్రాణాపాయమూ ఉండదు. కాని పోయిన నడక తిరిగి రాదు.

చరిత్ర

1830 ప్రాంతంలో మధ్య భారతంలోని సాగర్ పరిసరాలలో గోధుమ పంటలు దెబ్బతినగా ప్రజలు ఈ గింజలు తిని కుంటివారైన విషయాన్ని ఆంగ్లేయ అధికారి స్లీమన్ నమోదు చేశాడు. వింధ్య ప్రదేశ్‌లో వ్యవసాయ కూలీలకు కేసరి గింజలనే కూలిగా కొలిచి ఇచ్చే ఆచారం ఉండేది. 1942-43లో వాప్నియార్కా నిర్బంధ శిబిరంలోని యూదు ఖైదీలకు ఇదే ఆహారం పెట్టగా వందలాది మంది ఈ వ్యాధి పాలయ్యారు. ఈ మూడు సందర్భాలలోనూ బాధితులకు తినుటకు వేరొక ఆహారం లేదు.

మేలు కీడుల తూకం

అన్నంతో, ఇతర పప్పులతో, కూరగాయలతో పాటు అప్పుడప్పుడు కొద్దిగా తిన్నవారికి ఈ వ్యాధి సోకడం అరుదు. భోజనంలో అధిక భాగం ఇదే అయినప్పుడే ప్రమాదం ఏర్పడుతుంది. కరువు కాలంలో ఇతర పంటలు ఎండిపోయి ఇది ఒక్కటే మిగులుతుంది. పైగా నీటి ఎద్దడికి గురైన గింజలలో ఓడాప్ శాతం కూడ పెరుగుతుంది. కావున పప్పులోని విషానికి పేదరికం తోడైనప్పుడే వ్యాధి ప్రబలుతున్నదని చెప్పవచ్చును.

నిషేధం, జాగ్రత్తలు

భారత ప్రభుత్వం 1961లో దీని అమ్మకాన్ని నిషేధించినది. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలలోనూ ఈ నిషేధాన్ని చేర్చారు. అయినను కొన్ని రాష్ట్రాలలో సాగు ఆగలేదు. నిషేధం వినియోగదారునికి రక్షణ. కాని మరొక పంట పండని నేల గల రైతుకు అది నష్టం. ఈ చిక్కును తీర్చుటకు శాస్త్రవేత్తలు ఓడాప్ తక్కువగా గల రతన్, ప్రతీక్, మహాతివరా అనే రకాలను రూపొందించారు.

ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినచో విషం చాలావరకు తగ్గుతుంది, కాని పూర్తిగా పోదు. నీటితోపాటు కొన్ని విటమిన్లు కూడ పోతాయి. కందిపప్పులోనూ, శనగపిండిలోనూ దీనిని కల్తీ చేస్తారు. కేసరి గింజ గుండ్రంగా ఉండక, ఒక ప్రక్కకు వాలి, కోణాలు తేలి ఉంటుంది. పప్పును ఈ విధంగా గుర్తించవచ్చును గాని, పిండిలో కలిసినచో ప్రయోగశాల పరీక్ష అవసరం.