మెట్ట పల్లెల నుండి సముద్రాల ఆవలికి: ఒక చిన్న కైఫీయతు

ఉదయగిరికి దక్షిణాన, ఆత్మకూరుకు పడమర, వెలిగొండల చేరువలో ఉన్నది మా మర్రిపాడు. నెల్లూరి నుండి బొంబాయికి పోయే బాట మా ఊరి మీదుగానే సాగుతుంది. ముప్పై ఏండ్లకు పైగా ఈ ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నాను. నా వద్ద సంధులు, సమాసాలు వల్లించిన పిల్లల్లో కొందరు ఈనాడు డల్లాసులో ఉన్నారు, కొందరు సిడ్నీలో, కొందరు ఫ్రాంక్‌ఫర్టులో. వారి తల్లిదండ్రులను అడిగితే ఏ దేశంలో ఉన్నదీ చెప్పగలరు. కొందరు కంపెనీ పేరు కూడా చెబుతారు. కాని ఎవరు పిలువగా వెళ్ళాడు, విమానం దిగిన రాత్రి ఎవరింట పడుకొన్నాడు అని అడిగితే తడుముకొంటారు. తెలుగు ఇంజనీర్ల విదేశయాన చరిత్ర ఈ రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానంలోనే ఉన్నదని నా నమ్మకం. నేను ఎరిగినంత మేరకు ఆ చరిత్రను ఇక్కడ వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. దానినీ దాచను.

ముందుగా నీటి సంగతి చెప్పుకోవాలి. ఇంజనీర్ల కథలో నీరెందుకని పాఠకులు అడగవచ్చు. గోదావరిపై ధవళేశ్వరం వద్ద, కృష్ణపై బెజవాడ వద్ద, పెన్నపై నెల్లూరు వద్ద 19వ శతాబ్ది మధ్యకాలంలో ఆనకట్టలు లేచాయి. కాలువ పారిన చోట పంటకు భరోసా వచ్చింది. మిగులు ధాన్యం రొక్కమైంది, రొక్కం పిల్లల చదువైంది. తెలుగువాడు ఇంజనీరు కావాలంటే ఒకప్పుడు 1794లో సర్వే పాఠశాలగా మొదలైన మదరాసు గిండీ కళాశాలే దిక్కు. 1946లో వేరే చోట్ల మొదలైన ఇంజనీరింగు కళాశాలలు ఆ తరువాత కాకినాడకు, అనంతపురానికి వచ్చాయి; అదే ఏట గుంటూరుకు వైద్య కళాశాల వచ్చింది. ఈ మెట్లు ఎక్కినవారిలో డెల్టా రైతుల బిడ్డలు ముందున్నారు. అప్పటికి మా మెట్టలో వాన కోసం మబ్బు వంక చూస్తున్నారు. జిల్లా ఒక్కటే అయినా తూర్పున వరి, పడమర జొన్న, సజ్జ. ఈ తేడా తరువాత విమానాశ్రయం దాకా వెంట వచ్చింది.

తొలినాళ్ళలో విదేశాలు చూచిన ఇంజనీర్లు ఒంటరి ప్రయాణికులు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వీకుల ఊరు మాకు ఎంతో దూరం కాదు, కంభం–గిద్దలూరు ప్రాంతంలోనిది. ఆయన 1898లో జపాను వెళ్ళి పరిశ్రమలు చూచి వచ్చారు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు రక్షణ మార్గం చెప్పినది కూడా ఆయనే. కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావుగారు రంగూనులో పాఠాలు చెప్పి, 1939లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, స్వదేశానికి తిరిగి వచ్చి నాగార్జునసాగరానికి కృషి చేశారు. 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుచ్ఛక్తి మంత్రి అయ్యారు. వీరు వెళ్ళినది నేర్చుకొనడానికి. వచ్చినది కట్టడానికి.

ఆ తరువాతి తరంలో మా జిల్లాకు దక్షిణపు పొరుగున, శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారిని తలచుకోవాలి. రైతు కుటుంబం. ఆ ఇంట కళాశాల గడప తొక్కిన తొలి వ్యక్తి ఆయనే. 1958లో గిండీలో సివిల్ ఇంజనీరింగు పట్టా, 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎం.టెక్., అక్కడే ఐబీఎంలో ఉద్యోగం, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో డాక్టరేటు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పే విద్యలో కృషి చేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని మరొకరితో కలిసి అందుకొన్నారు. ఆయన ప్రయాణంలో ఒక్కొక్క మెట్టూ అంతకుముందరి మెట్టు మీద చేసిన పని చూపించి ఎక్కినది. ఇది గుర్తుంచుకొని ముందుకు పోదాం.

1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చింది. దేశాల వారీగా ఉన్న పాత వివక్షను తొలగించి, నైపుణ్యం గలవారికి, అప్పటికే అక్కడ ఉన్నవారి బంధువులకు ద్వారం తెరిచింది. డెల్టా నుండి వైద్యులు, ఇంజనీర్లు వెళ్ళారు. వెళ్ళిన అన్న తమ్ముణ్ణి పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. 1977లో న్యూయార్కులో జరిగిన తొలి మహాసభతో ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అనగా తానా, రూపు దిద్దుకొన్నది. ప్రసిద్ధ వైద్యులు కాకర్ల సుబ్బారావుగారు దానికి తొలి అధ్యక్షులు. 1990ల ఆరంభంలో ఆటా వచ్చింది. తరువాత మరికొన్ని వచ్చాయి. సంఘాలు పెరగడంలో ప్రాంతానికీ కులానికీ పాత్ర ఉన్నదని ఆ సభలకు వెళ్ళివచ్చినవారే చెప్పుకొంటారు. అయినా కొత్తగా వచ్చినవానికి అన్నం పెట్టినదీ, పరాయి దేశంలో కన్నుమూసినవాని దేహం ఊరు చేరడానికి చందాలు పోగుచేసినదీ ఈ సంఘాలవారే. ఆ మేలును మరువరాదు.

మా మండలం నుండి విదేశాలకు వెళ్ళి చదివినవారు లేకపోలేదు. బ్రాహ్మణపల్లికి చెందిన మేకపాటి గౌతమ్ రెడ్డిగారు మాంచెస్టరులో వస్త్ర పరిశ్రమ చదువు చదివి వచ్చి, 2019లో రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రి అయ్యారు. 2022 ఫిబ్రవరిలో దుబాయి ప్రదర్శనలో పెట్టుబడుల కోసం పలువురిని కలిసి వచ్చిన వెంటనే, 21వ తేదీన, యాభై ఏండ్లకే కన్నుమూశారు. ఉదయగిరిలో వారి కుటుంబం నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి. ఊరంతా కదిలి వెళ్ళింది. పలుకుబడి గల ఇళ్ళకు దారులు ఒక విధంగా ఏర్పడతాయి. నేను చెప్పబోయేది ఏ దారీ లేని ఇంటి సంగతి.

ఆ ఇంటి దాకా ఇంజనీరింగు ఎలా వచ్చిందంటే, దానికి వెనుక కొన్ని తేదీలున్నాయి. 1983లో రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1986 నుండి ఎంసెట్ జరిగింది. 1990లలో ప్రైవేటు కళాశాలలు పెరిగాయి. అటు అమెరికా 1990 నాటి చట్టంతో హెచ్-1బి వీసాను ఏర్పరచి, ఏటికి 65,000 అని హద్దు పెట్టింది. అంతలో 2000 సంవత్సరం ముంచుకొచ్చింది. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతోనే వ్రాసుకొన్నందున, 00 అంటే 1900 అని యంత్రం పొరబడుతుందేమోనన్న భయంతో పాత ప్రోగ్రాములన్నీ సరిదిద్దవలసి వచ్చింది. మనుషులు కావలసివచ్చారు. వీసాల హద్దు పెంచారు. 2001 నుండి 2003 వరకు అది 1,95,000. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ శిక్షణ కేంద్రాలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. ఆ కాలపు తెలుగు కంప్యూటరు పనివారిని సిడ్నీలోను, హైదరాబాదులోను దగ్గరగా పరిశీలించి, షియాంగ్ బియావో అనే చైనా పండితుడు 2007లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఒక దేశంలోని ఏజెంటు మరొక దేశంలోని ఏజెంటుకు మనుషులను అందించడం, పని లేని రోజుల నష్టమంతా కుర్రవాని నెత్తినే పడటం, ఈ ఖర్చులకు కట్నం డబ్బు తోడుకావడం అందులో వివరించాడు. మన సంగతి పరాయివాడు చెప్పవలసి వచ్చింది.

1990ల ఆరంభంలో నా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు వ్రాయను. తండ్రికి రెండెకరాల చేను, నాలుగు గేదెలు. ఎంసెట్‌లో ఉచిత సీటు తెచ్చుకొని ఇంజనీరింగు ముగించి, అమీర్‌పేటలో ఆరు నెలలు నేర్చుకొన్నాడు. 2000లో ఒక కన్సల్టెన్సీవారు అమెరికా పంపుతామన్నారని తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చాడు. వారు అడిగిన రొక్కానికి చేను అమ్మక తప్పదు. "అయ్యవారూ, ఉండేది ఆ రెండెకరాలే. అమ్మమంటారా, వద్దంటారా?" అని తండ్రి అడిగాడు. నాకు అమెరికా తెలియదు, కంప్యూటరు తెలియదు. పత్రికలలో చదివిన విజయగాథలు మాత్రం తెలుసు. "చదువు కోసం అమ్మిన చేను పోయినట్టు కాదు, విత్తినట్టు" అన్నాను. ఆ వాక్యం అప్పుడు నాకు ఎంతో బాగున్నది.

ఆ ఏటి చివర వెళ్ళాడు. దిగినది న్యూజెర్సీలో, రెండు గదులలో తొమ్మిది మంది ఉన్న ఒక గెస్టుహౌసులో. పని దొరికే దాకా జీతం లేకుండా ఎదురుచూడటాన్ని 'బెంచి' అంటారని అతని వల్లనే విన్నాను. 2001లో అక్కడి ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సెప్టెంబరు 11 తరువాత ఉన్న ఆశ కూడా పోయింది. ఊరిలోని ఎస్టీడీ బూతుకు రాత్రిపూట ఫోను చేసేవాడు. తండ్రికి మాట పెగలక నా చేతికి ఇచ్చేవాడు. ఒకనాడు అన్నాడు: "సార్, ఇక్కడ అందరికీ ఎవరో ఒక బాబాయో బావో ఉన్నాడు. ఒక్కొక్కడే వాళ్ళింటికి వెళ్ళిపోతున్నాడు. నేనూ ఇంకొకడూ మిగిలాం."

మరునాడే నెల్లూరు వెళ్ళాను. ఎరిగిన పెద్దమనిషి ఒకరి అల్లుడు అమెరికాలో ఇంజనీరు. ఆ అల్లుడి ఫోను నంబరు అడిగాను. కాఫీ ఇచ్చారు, కుశలం అడిగారు, నంబరు మాత్రం ఇవ్వలేదు. డిసెంబరులో పిల్లవాడు తిరిగివచ్చాడు. చేను పోయింది, పైన అప్పు మిగిలింది. అతని చెల్లెలు ఆ ఏడు పదవ తరగతి నా వద్దనే చదివింది. పద్యం చదివితే తరగతి గది నిశ్శబ్దమయ్యేది. కళాశాలలో చేరలేదు. ఇంట గేదెల పని చూచుకొన్నది. మూడేండ్లకు పెండ్లి చేశారు. అన్నకు నేను చెప్పిన వాక్యానికి మూల్యం చెల్లించినది ఆమె. ఇన్నేండ్లలో ఆ ఇంట ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికగా ఉండేది.

అతడు బెంగుళూరులో చిన్న జీతానికి చేరాడు. వారు చేసే పని జర్మనీలోని ఒక సంస్థకు. అక్కడి బృందానికి పెద్దగా ఉన్న ఒక జర్మను మహిళ, ఇతడు సరిదిద్దిన లోపాలను, వాటిపై వ్రాసిన వివరణలను మూడేండ్లు చూచింది. ముఖం చూడలేదు. ఊరి పేరు పలకడం ఆమెకు చేతకాదు. 2006లో ఆమెయే పిలిచింది. నేటికీ అతడు ఫ్రాంక్‌ఫర్టులోనే ఉన్నాడు. వేర్వేరు దేశాలలో తనతో పనిచేసినవారే తన బలగమని చెబుతాడు. రాజ్ రెడ్డిగారి మార్గం ఇదే కదా అనిపించింది. బంధువుల వల ఆకలి తీరుస్తుంది, కాని తనవారు కాని వానిని ఒడ్డుననే వదిలేస్తుంది. పనిని చూచి కుదిరిన పరిచయం ఊరూ పేరూ అడగదు. అయితే ఆ పని చూపించే చోటికి చేరే వరకైనా ఒకరు చేయి పట్టాలి. అక్కడే మెట్ట పిల్లవాడు ఓడిపోతాడు.

పరిచయాలను అమ్ముకొనేవారూ ఉన్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు మన విద్యార్థులు కొందరి కాళ్ళకు జాడ తెలిపే పట్టీలు వేశారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా అధికారులే పన్నిన వల అని తేలింది. అందులో విద్యార్థులను చేర్పించిన నేరంపై పట్టుబడిన ఎనిమిది మందిలో అత్యధికులు తెలుగు యువకులు. సాటివాడు చెప్పాడు కదా అని నమ్మి చేరినవారే ఎక్కువ.

సహాయపడే వల ఎలా ఉంటుందో మా మెట్టవారికి తెలియనిది కాదు. అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చిన కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడినప్పుడు, ఆ వార్త పల్లె నుండి పల్లెకు ఆడవారి నోటనే పాకింది. మీరెవరు, ఏ ఇంటివారని ఎవరూ అడగలేదు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. అటువంటి మెట్ట పల్లెల బిడ్డల కోసమే రాజ్ రెడ్డిగారి ఆలోచనతో 2008లో గ్రామీణ విద్యార్థుల ట్రిపుల్ ఐటీలు ఏర్పడ్డాయి. పదవ తరగతిలో రాణించిన పల్లె పిల్లలు నేరుగా అక్కడ చేరవచ్చు.

నా పద్యాల విద్యార్థిని కుమార్తె ఇప్పుడు ఇడుపులపాయలో చదువుతున్నది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, మేనమామ ప్రతి శనివారం రాత్రి తనకు, తన స్నేహితురాళ్ళకు ఫోనులో పాఠం చెబుతాడని, వారు చేసిన పనిలో తప్పులు దిద్దుతాడని చెప్పింది. ఆ స్నేహితురాళ్ళు ఏ ఊరివారని అడిగాను. "ఏమో సార్, మామయ్య ఎప్పుడూ అడగలేదు" అన్నది.

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. ఊరిలో రెండు మూడు ఇళ్ళలో ఆ రాత్రి దీపాలు ఆర్పలేదు. ద్వారాలు తెరవడం, మూయడం ఎప్పుడూ పరుల చేతిలోనివే. అడిగినవానికి ఫోను నంబరు ఇవ్వడమా, కాఫీ ఇచ్చి పంపడమా అన్నది మాత్రం మన చేతిలోనిది.

రెండు వందల ఏండ్ల క్రిందట కర్నల్ మెకంజీ దొర, కావలి సోదరుల సహాయంతో ఊరూరా కైఫీయతులు వ్రాయించాడు. చెరువు ఎవరు త్రవ్వించారు, గుడి ఎవరు కట్టించారు అన్న సంగతులు వాటి వల్లనే మనకు మిగిలాయి. ఈ కాలపు కైఫీయతు మనమే వ్రాసుకోవాలి. మీ ఊరి నుండి తొలుత వెళ్ళినది ఎవరు, ఎవరు పిలిచారు, ఏ పొలం అమ్మారు, ఇంట ఎవరి చదువు ఆగింది అన్న నాలుగు సంగతులు ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టండి. మా ఊరి పుస్తకంలో మొదటి పుటలో ఆ చెల్లెలి పేరు వ్రాశాను. దాని క్రింద, చేను అమ్మమన్నది ఎవరో కూడా వ్రాశాను.