దివాన్ దేవిడీ ఖాళీ అయ్యాక

హైదరాబాద్ పాతబస్తీలో దివాన్ దేవిడీ అని చెబితే ఆటో అతను బట్టల దుకాణాల మధ్య దింపుతాడు. హోల్‌సేల్ చీరలు, మూటలు మోసే హమాలీలు, పార్కింగ్ కోసం కొట్లాటలు. పాత దర్వాజాలు తప్ప దేవిడీ అనడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు. సాలార్‌జంగ్‌లు ఉన్న ఇల్లు ఇదే. అందులోని సామాను ఎలా ఉంటుందో చూడాలంటే కాస్త దూరంలో, మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియానికి వెళ్లాలి. ఆ మ్యూజియం గురించి చాలామంది రాశారు. నా ధ్యాసంతా దానికి ముందు జరిగిన పని మీద: ఒక మనిషి పోయాక ఒక పెద్ద ఇంటిని ఖాళీ చేయడం.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. 1912లో నిజాం దగ్గర దివాన్ అయ్యి, 1914లో ఆ పదవి వదిలేశాడు. ఆ తర్వాత మిగిలిన ముప్పై అయిదేళ్లూ వస్తువులు కొంటూనే ఉన్నాడు. అతను పోయేనాటికి పోలీస్ యాక్షన్ జరిగి ఆరు నెలలైంది. ఆ ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. రాబడి ఆగిపోయి, నౌకర్లకు జీతాలివ్వలేని దేవిడీలు ఊరినిండా ఉన్నాయి. అమ్మేవాళ్లు ఎక్కువై, కొనేవాళ్లకు పండగైన కాలం అది.

కొడుకుల్లేని పెద్దమనిషి పోతే ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. చుట్టాలు దిగుతారు. గదికో తాళం పడుతుంది. కోర్టులో వ్యవహారం తేలేలోగా వెండి ఒక దారి, తివాచీలు ఒక దారి పడతాయి. ఇక్కడా హక్కుదారులకు కొదవ లేదు. అయితే ప్రభుత్వం ఒక ఎస్టేట్ కమిటీని వేసింది. సామాను చెదరకుండా ఆ ఇంటినే మ్యూజియం చేద్దామన్న ఆలోచన, 1950లో హైదరాబాద్ ముఖ్యమంత్రి అయిన ఎం. కె. వెల్లోడిది. సర్దే పని జేమ్స్ కజిన్స్‌కి అప్పగించారు. ఆయన ఐరిష్ కవి, కళావిమర్శకుడు. మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో ఆయన ఉన్న రోజుల్లోనే, 1919లో, టాగోర్ అక్కడికొచ్చి 'జనగణమన'ని ఇంగ్లీషులోకి మార్చాడు. మనవాళ్లకు ఆయన పేరు ఆ రకంగానే గుర్తు. ఇల్లు సర్దిన మనిషిగా ఎవరికీ గుర్తులేదు.

1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించాడు. యజమాని పోయిన రోజుకీ ఆ రోజుకీ మధ్య రెండేళ్ల తొమ్మిది నెలలు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా విలువైంది ఆ గడువే. ముసుగు రెబెకా కన్నా, గంటల గడియారం కన్నా. ఏది ఎక్కడిది, దేని పక్కన ఏది ఉండాలి అని ఆలోచించడానికి ఒకరికి జీతమిచ్చి, తీరిక ఇచ్చి, చోటు ఇచ్చారు. 1958లో వారసులు రాజీపడి సేకరణ మొత్తం భారత ప్రభుత్వానికి వదిలేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో సామాను కొత్త భవనానికి చేరింది.

ఇల్లు మాత్రం చేరలేదు. లోపలివన్నీ పోయాక దేవిడీని పట్టించుకునే కారణం ఎవరికీ కనబడలేదు. అది కొంచెం కొంచెంగా కూలి, స్థలమై, దుకాణాలైంది. వస్తువుల్ని కాపాడుకున్న ఊరు వాటి గదుల్ని వదిలేసుకుంది. గ్యాలరీలో కుర్చీ పక్కన కుర్చీ ఉంటుంది. ఇంట్లో కుర్చీ పక్కన కిటికీ ఉంటుంది.

మరి కమిటీ దొరకని దేవిడీల సంగతి? అవి పోయిన దారి మన మామూలు ఇళ్లు పోయే దారే. ఖాళీ చేసే ఇంట్లోంచి చెత్తకుప్పకి పోయేది తక్కువ, ఈ దేశంలో. టేకు ద్వారబంధాలు, దూలాలు పాత కలప అడితికి పోతాయి. మంచాలు, బీరువాలు, పనిముట్లు పురానాపూల్ దగ్గర గురువారం పూట జరిగే జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్లకి. పాత చీరలకు స్టీలు గిన్నెలు. జరీ చీరైతే తూచి కొని కాలుస్తారు. పట్టు బూడిదై, వెండి మిగులుతుంది. ఇత్తడి బిందెలు మూసలోకి. ఇత్తడి కరిగేటప్పుడు అందులోని జింకు కొంత ఆవిరై తెల్లటి పొగగా లేస్తుంది, కొలిమి దగ్గరున్నవాడి ఊపిరితిత్తుల్లోకే. కాగితాలు రద్దీకి. ఇప్పుడు మనం రీసైక్లింగ్, సస్టెయినబిలిటీ అని సదస్సులు పెట్టుకుంటున్న పనిని ఈ మనుషులు ఏ పేరూ లేకుండా, తరచుగా ఏ రక్షణా లేకుండా ఎప్పట్నుంచో చేస్తున్నారు.

అయినా ఈ ఏర్పాటుని నెత్తికెత్తుకోవడానికి నాకు మనసొప్పదు. ఇందులో రెండు వేర్వేరు పనులు ఒకే పేరు కింద నడుస్తున్నాయి. జుమ్మేరాత్ బజార్లో కొన్న కుర్చీ ఇంకో ఇంట్లో కుర్చీగానే బతుకుతుంది. మూసలో పడ్డ బిందె బిందెగా చచ్చిపోయి లోహంగా బతుకుతుంది. ఏ దారి పట్టాలో చాలాసార్లు నిర్ణయించేది తరాజు. వస్తువులో ఉన్న పనితనం కిలోలెక్కలోకి రాదు. అమ్మేవాళ్లకి తొందర. కొనేవాడికి చోటు లేదు, రేపటికల్లా సొమ్ము కావాలి. వాణ్ని తప్పుపట్టి లాభం లేదు.

తరాజు దెబ్బ అందరికన్నా గట్టిగా తగిలేది పుస్తకాలకి. ఇనుము ఎన్నిసార్లు కరిగినా ఇనుమే. కాగితం అలా కాదు. గుజ్జు చేసిన ప్రతిసారీ నార పొట్టిదవుతుంది, కొత్త నార కలపక తప్పదు. అంటే ముద్రించిన పుస్తకాన్ని గుజ్జు చేస్తే పుస్తకమూ పోతుంది, కాగితమూ పూర్తిగా దక్కదు. మహా అయితే అట్టపెట్టె వస్తుంది. తాతగారి బీరువాలో బైండు చేసిన 'భారతి' సంపుటాలకీ, నిన్నటి దినపత్రికకీ రద్దీ కొట్టులో ఒకటే ధర.

ఇదే ఊళ్లో అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. ఏళ్ల తరబడి ఉర్దూ పుస్తకాలు, పత్రికలు పోగుచేసి, ఇంటినే ఉర్దూ రిసర్చ్ సెంటర్ చేశాడు. ఆయన వెనక కమిటీ లేదు, చట్టం లేదు. 1996లో షికాగో విశ్వవిద్యాలయం, మరికొన్ని అమెరికన్ విశ్వవిద్యాలయాలు కలిసి ఆ సేకరణను కొన్నాయి. ఓడెక్కించి తీసుకుపోకుండా హైదరాబాద్‌లోనే, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉంచాయి. ఉర్దూ పత్రికలు, కమ్యూనిస్టు నాయకుడి పేరున్న తెలుగు గ్రంథాలయం, అమెరికా డబ్బు: నాకు ఈ కలయిక ఎప్పుడూ ముచ్చటేస్తుంది. 2000 ఆగస్టు వరదల్లో ఆ భవనంలోకి నీళ్లొచ్చి పుస్తకాలు తడిశాయి. అప్పుడు వాటిని మళ్లీ ఎత్తి, ఆరబెట్టి, బాగుచేయాల్సి వచ్చింది. దాచడమంటే ఒక్కసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు.

రెండేళ్ల తొమ్మిది నెలలు ఇప్పుడు ఎవరికీ లేవు. ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చాక బిల్డర్ తేదీ చెబుతాడు. పిల్లలు డల్లాస్ నుంచో సిడ్నీ నుంచో రెండు వారాల సెలవు మీద వస్తారు. అందులో పదో రోజు, పదకొండో రోజు, బ్యాంకు పనులు, దినాలు. పుస్తకాల బీరువా దగ్గరకి వచ్చేసరికి రేపు ఫ్లైట్. పడగొట్టిన గోడల శిథిలాలకైనా 2016 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. ఉత్తరాలకి, డైరీలకి, నోటుపుస్తకాలకి లేవు. చాలా ఊళ్లలో గ్రంథాలయాలు కూడా దానమిస్తామంటే వద్దంటున్నాయి, చోటు లేదని. అది నిజమే కూడా.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికేవాళ్లు ముందు అట్ట చూడరు, మొదటి పేజీ చూస్తారు. అక్కడ సిరాతో పేరు, ఊరు, కొన్న తేదీ ఉంటాయి. ఒకే చేతిరాత రెండు మూడు కుప్పల్లో కనబడిందంటే ఆ వారం ఎక్కడో ఒక ఇల్లు ఖాళీ అయిందన్నమాట. అప్పుడు ఆ వరసంతా తిరిగి, మిగతావి మధ్యాహ్నంలోపు ఏరుకోవాలి. సాయంత్రానికి అవి మళ్లీ బస్తాల్లోకి వెళ్తాయి.